సిగ్గే తాకట్టు
ఆడవాళ్ల అప్పుల వెనకనున్న అర్థశాస్త్రం

"ఆడవాళ్లు అప్పు ఎగ్గొట్టరు." బ్యాంకు మేనేజర్లు, ప్రపంచబ్యాంకు ప్రతినిధులు, ముఖ్యమంత్రులు, మైక్రోఫైనాన్స్ కంపెనీల యజమానులు, వీళ్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకునే మాట ఇది. మార్చి 8న వేదికల మీద దీన్ని మనకు పొగడ్తగా వినిపిస్తారు. మనమూ చప్పట్లు కొడతాం. కానీ ఎందుకు ఎగ్గొట్టరని మాత్రం అడగం. సంపాదన ఎక్కువై కాదు. ఎగ్గొడితే రేపు పక్కింటామె ముఖం చూడలేరు కాబట్టి. తన ఒక్కదాని వాయిదా కోసం పదిమందినీ కూర్చోబెడతారని భయం కాబట్టి. మెడలో పుస్తెలు కుదువపెట్టైనా కడతారు గాని నలుగురిలో మాట పడలేరు కాబట్టి. ఆడదాన్ని అదుపులో ఉంచడానికి ఈ సమాజం నేర్పిన సిగ్గునూ భయాన్నీ పరువునూ ఫైనాన్సు రంగం తాకట్టుగా పట్టుకుంది. దీనికి అర్థశాస్త్రంలో గౌరవప్రదమైన పేరే ఉంది: 'సామాజిక పూచీకత్తు'.

అర్థశాస్త్రమంటే లెక్కల శాస్త్రమనీ, దానికి ఆడా మగా, కులమూ వర్గమూ తెలియవనీ మనలో చాలామంది నమ్ముతాం. వడ్డీ రేట్లు నిపుణుల వ్యవహారమని వదిలేసి, కట్టలేనివాళ్లకు ధైర్యం చెప్పే పని మాత్రం మనం తీసుకుంటాం. కానీ చల్లపల్లిలో ఒక స్త్రీ చేతికి ఏ వడ్డీకి డబ్బు రావాలి, ఎవరి పూచీ మీద రావాలి, కట్టలేకపోతే ఎవరొచ్చి ఆమె గడప ముందు కూర్చోవాలి అన్నవి ఆకాశం నుంచి ఊడిపడ్డ నియమాలు కావు. కొందరు ఆలోచించారు, కొందరు పుస్తకాల్లో రాశారు, కొందరు జీవోలుగా మార్చారు. ఆ ఆలోచనలను నిలదీయకుండా వసూలు ఏజెంటును మాత్రం తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదు.

ఒక సిద్ధాంతం నడిచిన దారి

1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రాబ్యాంకు స్థాపించారు. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది. 1980లో మరో ఆరింటిని చేసినప్పుడు ఆంధ్రాబ్యాంకు కూడా అందులో ఉంది. దాని వెనక ఉన్న ఆలోచన సూటిగా చెప్పుకోవచ్చు: అప్పు ప్రజల వనరు, అది ఎటు పోవాలో నిర్ణయించే బాధ్యత ప్రభుత్వానిది. బ్యాంకులిచ్చే అప్పులో 40 శాతం వ్యవసాయం వంటి ప్రాధాన్య రంగాలకు చేరాలన్న నియమం అక్కడి నుంచే వచ్చింది. ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేననను. పట్టా ఉన్నవాడికే అప్పు దొరికింది. పట్టా మగవాడి పేరు మీద ఉంది. స్త్రీ బ్యాంకు గుమ్మం దాకా కూడా రాలేదు. అయినా అడగడానికి ఒక హక్కు, నిలదీయడానికి ఒక ప్రభుత్వం ఉండేవి.

దీనికి ఎదురు వాదన అమెరికాలో, ముఖ్యంగా ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తల నుంచి 1970లు, 80ల్లో వచ్చింది. సబ్సిడీ వడ్డీ గ్రామీణ బ్యాంకింగును చెడగొడుతుందనీ, పేదలకు కావలసింది చవక అప్పు కాదు, అప్పు అందుబాటు అనీ, ఖర్చులన్నీ రాబట్టేంత వడ్డీ వేయాల్సిందేననీ వాళ్లు చెప్పారు. ప్రపంచబ్యాంకు దీన్ని తలకెత్తుకుంది. మన దేశంలో 1991 నరసింహం కమిటీ అదే దారిలో నడిచి, వడ్డీ రేట్ల మీద అదుపు తియ్యాలనీ, ప్రాధాన్య రంగాల వాటా 40 నుంచి 10 శాతానికి దించాలనీ సిఫారసు చేసింది. ప్రభుత్వం 40ని అలాగే ఉంచింది గాని దిశ మాత్రం మారిపోయింది. ఆ దశాబ్దంలోనే గ్రామీణ శాఖలు పెరగడం ఆగి, తగ్గడం మొదలైంది. చివరకు బందరులో పుట్టిన బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి పేరు లేకుండా పోయింది.

బ్యాంకు వెనక్కి తగ్గిన చోట ఎవరు నిలబడాలి? దీనికి మరో సిద్ధాంతం సిద్ధంగా ఉంది. బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ బ్యాంకు నడుపుతున్న బృంద రుణాల పద్ధతిని ఆర్థికవేత్తలు సూత్రీకరించారు. 1990లో జోసెఫ్ స్టిగ్లిట్జ్ రాసిన వ్యాసం అందులో పేరుపొందింది. పేదవాళ్ల గురించి బ్యాంకుకు తెలియదు, పక్కింటివాళ్లకు తెలుసు. కాబట్టి ఒకరి అప్పుకు అందరినీ బాధ్యుల్ని చేస్తే, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుంటారు, బ్యాంకుకు ఖర్చు తగ్గుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఆ తగ్గిన ఖర్చు ఎక్కడికి పోయింది? పూర్వం విచారణ చేయడానికీ, పర్యవేక్షించడానికీ, వసూలు చేయడానికీ బ్యాంకు గుమాస్తాకు జీతమిచ్చేవాళ్లు. ఇప్పుడా పనంతా పక్కింటి ఆడది ఊరికే చేస్తోంది. ఇంటిచాకిరీని లెక్కలోకి తీసుకోని అర్థశాస్త్రమే ఈ చాకిరీని కూడా లెక్కలోకి తీసుకోలేదు. పైగా దానికి 'సామర్థ్యం' అని పేరు పెట్టింది.

1997 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో జరిగిన మైక్రోక్రెడిట్ శిఖరాగ్ర సభ, 2005 నాటికి ప్రపంచంలోని 10 కోట్ల నిరుపేద కుటుంబాలకు, ముఖ్యంగా వాటిలోని స్త్రీలకు, అప్పు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. గమనించండి. వాళ్లు భూమి చేర్చాలనలేదు. సమాన కూలి, ఆసుపత్రి చేర్చాలని కూడా అనలేదు. అప్పు చేర్చాలన్నారు. 2006లో ప్రపంచబ్యాంకు స్త్రీ పురుష సమానత్వాన్ని 'స్మార్ట్ ఎకనామిక్స్' అని పిలిచింది. సమానత్వం మన హక్కు గనక ఇవ్వాలని కాదు, ఇస్తే లాభం గనక ఇవ్వాలని.

ఉద్యమం నుంచి వాయిదాకు

మన రాష్ట్రంలో ఈ సిద్ధాంతం ఖాళీ నేల మీద దిగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమం అప్పటికే స్త్రీలను ఊరూరా కూడగట్టింది. సారా ఆదాయం మీద బతికే ఖజానానే ఆ స్త్రీలు నిలదీశారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానాకు లోటని 1997లో దాన్ని ఎత్తేశారు. 1998లో ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరిట ప్రపంచబ్యాంకు నుంచి రాష్ట్రం అప్పు తెచ్చుకుంది.

అదే కాలంలో ఆ స్త్రీల బృందాలు ఏమయ్యాయో చూడండి. నెల్లూరులో రోజుకొక రూపాయి దాచుకోమంటూ 'పొదుపు లక్ష్మి' వచ్చింది. 1982లో మొదలై నత్తనడక నడుస్తున్న డ్వాక్రా పథకం ఒక్కసారిగా రాష్ట్రమంతా విస్తరించింది. 1992లో నాబార్డు 500 బృందాలతో ప్రయోగంగా పెట్టిన బ్యాంకు అనుసంధానానికి మన రాష్ట్రమే అతి పెద్ద కేంద్రమైంది. 2000లో 'వెలుగు' వచ్చింది. సారా దుకాణం మూయించమని అడిగిన స్త్రీకి పాస్‌బుక్కు ఇచ్చి పొదుపు చేసుకోమన్నారు. రాజ్యాన్ని ప్రశ్నించడానికి కూడిన స్త్రీలు, వాయిదాలు పోగుచేయడానికి కూడే స్త్రీలయ్యారు.

సంఘాల వల్ల ఒరిగిందేమీ లేదనడం అన్యాయం. వాటి వల్లే లక్షలాది స్త్రీలు బ్యాంకు మెట్లెక్కారు, సంతకం నేర్చారు, మండలాఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. 2004 తర్వాత పావలా వడ్డీ, ఆ తర్వాత సున్నా వడ్డీ వాళ్లు అడిగి సాధించుకున్నవే. నా పేచీ సంఘంతో కాదు. సంఘం విలువను రికవరీ శాతంతో కొలిచే ఆలోచనతో.

భూమికి చవక అప్పు, చాకిరీకి ఖరీదు అప్పు

ఇక కృష్ణా డెల్టాకు వద్దాం. చల్లపల్లి పేరెత్తితే జమీందారీ, ఆ భూముల కోసం కమ్యూనిస్టుల నాయకత్వాన పేదలు చేసిన పోరాటాలు గుర్తొస్తాయి. 1948 చట్టంతో జమీందారీ పోయింది గాని దున్నేవాళ్లు వేరు, హక్కుదారులు వేరు అన్న స్థితి పోలేదు. ఈరోజు చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి, అవనిగడ్డ పొలాల్లో చాలా భాగం కౌలు చేతుల్లో ఉంది. యజమానులు విజయవాడలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు.

పంట రుణానికి వడ్డీ 7 శాతం. 3 లక్షల లోపు తీసుకుని గడువులోగా కడితే 4 శాతమే. కానీ అది పట్టాదారు పాసుపుస్తకం మీద దొరికే అప్పు. కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొకటి వచ్చాయి. 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే పొలం పోతుందని యజమానులు జంకుతారు. కార్డు లేదు, బ్యాంకు లేదు. మరి పెట్టుబడి ఎక్కడిది? కొంత ఎరువుల కొట్టులో ఖాతా, కొంత ధాన్యం కొనే కమీషను వ్యాపారి. మిగతాది భార్య సంఘం అప్పు.

బ్యాంకు కాగితం మీద అది పాడిగేదె, కిరాణా కొట్టు, టైలరింగ్. నిజానికి నారుమడి, ఎరువు, కౌలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి డెల్టా వరి పొలాలను ముంచింది. అలాంటప్పుడు కార్డు లేని కౌలుదారుకు పరిహారం దక్కడమే కష్టం. అప్పు మాత్రం ఆమె పేరు మీదే నిలిచి ఉంటుంది. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమకు నష్టమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నష్టాన్ని ఎవరు మొయ్యాలన్నదే ప్రశ్న. ప్రస్తుత ఏర్పాటులో భూయజమాని మొయ్యడు, బ్యాంకు మొయ్యదు, బీమా కంపెనీ మొయ్యదు. సెంటు భూమి లేని స్త్రీ మోస్తుంది, ఆమెతోబాటు ఆమె సంఘంలోని తొమ్మిదిమంది మోస్తారు. భూమి ఉన్నవాడికి చవక అప్పు, చాకిరీ తప్ప ఏమీ లేనిదానికి ఖరీదు అప్పు. సామాజిక పూచీకత్తు మన డెల్టాలో ధరించిన అసలు రూపం ఇది.

వ్యవసాయ కూలీల సంగతి ఇంకా అధ్వాన్నం. కోత మిషన్లు వచ్చాక వరికోతల కూలి చాలావరకు పోయింది. నాట్లు, కలుపు మిగిలాయి. బందరులో రోల్డుగోల్డు పని ఇంట్లో కూర్చుని నగకు ఇంతని చేస్తారు. తీరంలో ఎండుచేపల పని వేట ఉంటేనే. ఆదాయం పని దొరికినప్పుడు, వాయిదా మాత్రం వారం వారం. ఈ తేడాను పూడ్చడానికి ఒక కంపెనీ అప్పు తీర్చేందుకు మరో కంపెనీలో అప్పు. నివేదికల్లో ఇద్దరు 'ఖాతాదారులు'. ఊళ్లో ఒకే ఆడమనిషి.

మన జిల్లా ముందే చెప్పింది

ఇదంతా ఎవరికీ తెలియక జరగలేదు. 2006 మార్చిలో ఉమ్మడి కృష్ణా జిల్లా యంత్రాంగం మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు దాదాపు యాభైని మూయించింది. వాటిలో ఎక్కువ స్పందన, షేర్ సంస్థలవి. అధిక వడ్డీలు, వసూళ్లలో వేధింపులు, ప్రభుత్వ సంఘాల సభ్యులను తమవైపు లాక్కోవడం ఆరోపణలు. ఆ రోజుల్లో '15 శాతం ఫ్లాట్' అనే లెక్క వాడుకలో ఉండేది. 10,000 రూపాయలు తీసుకుని వారానికి 230 చొప్పున 50 వారాలు కడితే 11,500 అవుతుంది. చూడ్డానికి 15 శాతమే. కానీ అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ తగ్గదు గనక నిజమైన రేటు ఏడాదికి 29 శాతం. ఊరి లెక్కలో దాదాపు రెండున్నర రూపాయల వడ్డీ. వడ్డీ వ్యాపారి నుంచి విముక్తి అని చెప్పి ఇచ్చిన అప్పు ఇది.

ఆ గొడవ తర్వాత సంస్థలు వడ్డీ కొంత తగ్గించి, తమకు తాము ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అదే ఏడాది మహమ్మద్ యూనస్‌కూ గ్రామీణ్ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కృష్ణా జిల్లా చెప్పిన పాఠం ఆ చప్పట్లలో వినిపించలేదు. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్లోకి వెళ్లి సుమారు 1,600 కోట్ల రూపాయలు సమీకరించింది. రెండు నెలలు తిరక్కుండానే వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ప్రతి సంస్థా జిల్లాలో రిజిస్టరు కావాలి, వాయిదా నెలకొకసారే, వడ్డీ మొత్తం అసలును మించరాదు, వేధిస్తే శిక్ష. ఆ తర్వాత అది చట్టమైంది.

ఈ సంస్థల్లో ముఖ్యమైనవి కొన్ని మొదట స్వచ్ఛంద సంస్థలుగానే పుట్టాయని ఈ పత్రిక పాఠకులు మరిచిపోకూడదు. స్పందన గుంటూరులో, ఎస్.కె.ఎస్. మెదక్ ప్రాంతంలో మన భాషే మాట్లాడుతూ, మనలాగే చాపల మీద కూర్చుంటూ మొదలయ్యాయి. వాళ్లను మార్చింది ఒక ఆలోచన: పేదల అప్పు లాభసాటి కావాలి, అప్పుడే పెట్టుబడి వస్తుంది, అప్పుడే ఎక్కువమందికి చేరుతుంది. ఈ మూడు మెట్లూ ఎక్కాక నాలుగో మెట్టు మీద ఆడదాని వాకిట్లో వసూలు ఏజెంటు ఉన్నాడు.

తర్వాతి కథ అప్పుకన్నా అప్పు మీద అదుపు ఎవరిదన్న కథ. 2011లో మాలేగాం కమిటీ నివేదిక ఆధారంగా రిజర్వుబ్యాంకు ఈ కంపెనీలకు ప్రత్యేక వర్గం ఏర్పరచి వడ్డీకి పరిమితులు పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ పరిమితులు ఎత్తేసి, రేటు నిర్ణయించే పని కంపెనీ బోర్డులకే వదిలింది. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం తన ఆదాయంలో సగం దాకా వాయిదాలకు కట్టవచ్చని అదే ఉత్తర్వు చెబుతోంది. నెలకు 15,000 వచ్చే ఇంట్లో 7,500 అప్పులకు. మిగతా 7,500తో తిండి, మందులు, చదువు, పండుగ, చావు. ఈ లెక్క వేసినవాళ్లు ఎన్నడైనా అంత డబ్బుతో నెల గడిపి చూశారా? 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వుబ్యాంకు కింద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాలు వర్తించవని తీర్పు చెప్పింది. 2010లో స్త్రీల కన్నీళ్ల మీద వచ్చిన రక్షణ ఆ కంపెనీల విషయంలో పోయింది. అవి మళ్లీ మన ఊళ్లకు వస్తున్నాయి.

వాళ్ల పరిశోధనే చెప్పింది

అప్పు స్త్రీలకు సాధికారత తెస్తుందని ఇన్నేళ్లుగా చెబుతున్నారు. రుజువేది? 1996లోనే ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్ గుప్తా బంగ్లాదేశ్‌లో స్త్రీల పేరిట ఇచ్చిన అప్పుల్లో చాలా భాగం మగవాళ్ల అదుపులోకి పోతోందని చూపించారు. గ్రామీణ వసూళ్లలో సిగ్గు ఎలా ఆయుధమవుతుందో లామియా కరీం అక్కడే పరిశోధించి రాశారు. స్త్రీవాదుల మాట పక్షపాతమనుకుంటే, తర్వాత నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో హైదరాబాదులోనే 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో ముందు స్పందన శాఖలు తెరిపించి పోల్చి చూశారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం అప్పటికే వ్యాపారమున్నవాళ్ల పెట్టుబడి కొంత పెరిగింది. పిల్లల చదువులోగాని, ఆరోగ్యంలోగాని, ఇంట్లో స్త్రీ మాట చెల్లుబాటులోగాని చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. పరిశోధన ఇలా తేలాక విధానం మారాలి కదా? ఏడేళ్లకు వడ్డీ పరిమితి ఎత్తేశారు.

"కంపెనీలు వద్దంటే కాల్‌మనీ వాళ్ల దగ్గరికి పొమ్మంటారా?" అని ఎదురడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ పేరిట అప్పు తీసుకున్న స్త్రీల మీద జరిగిన లైంగిక దోపిడీ బయటపడింది. దాన్ని మనం మరవలేదు. కానీ ఉన్న దారులు రెండేనని ఎవరు చెప్పారు? ప్రభుత్వ బ్యాంకు వెనక్కి తగ్గడమనే మొదటి నిర్ణయాన్ని చర్చ నుంచి తప్పించి, మిగిలిన రెండు ఉచ్చుల్లో ఒకటి ఎంచుకోమనడం ఎంపిక కాదు. మాఫీలూ దీనికి జవాబు కావు. సంఘాల బకాయిలను నాలుగు విడతల్లో తీర్చిన 'ఆసరా' (2020-2024) చాలామందికి ఊపిరినిచ్చింది. అయితే కంపెనీల అప్పు దాని లెక్కలోకి రాలేదు, కౌలు ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మనం అడగవలసింది

ఒకటి. చిన్న అప్పుల మీద వడ్డీ పరిమితిని రిజర్వుబ్యాంకు తిరిగి పెట్టాలి. రేటును శాతాల్లోనే కాక, నూటికి నెలకు ఎంతో తెలుగులో రాసివ్వాలి. ఆదాయంలో సగం అన్న హద్దును బాగా తగ్గించాలి.

రెండు. ఒక స్త్రీ అప్పుకు మరో స్త్రీని బాధ్యురాలిని చేయకూడదు. బృందాన్ని కూర్చోబెట్టి వసూలు చేయడాన్ని వేధింపుగానే గుర్తించాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం పీడించరాదన్న నియమం ఇప్పటికే ఉంది. అది ప్రతి గ్రామ సచివాలయంలో గోడ మీద కనబడాలి, ఫిర్యాదు ఎవరికివ్వాలో కింద రాసి ఉండాలి.

మూడు. యజమాని సంతకం లేకుండా కౌలుదారులకు గుర్తింపు కార్డు, పంట రుణం, పరిహారం రావాలి. కార్డు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఒంటరిగా సాగుచేసే స్త్రీని రైతుగానే రాయాలి. ఇది జరిగితే సంఘం అప్పు మీద పడుతున్న భారంలో సగం దానంతటదే తగ్గుతుంది.

నాలుగు. వైద్యం, కూలి, రేషను హక్కులుగా అందవలసినవి. వాటికి బదులు అప్పు చూపించే ఏ పథకాన్నీ సాధికారత అని పిలవడానికి మనం ఒప్పుకోకూడదు.

చివరిది మన ఇంటి సంగతి. మన సంస్థల వార్షిక నివేదికల్లో 'ఇన్ని కోట్ల రుణాలు ఇప్పించాం, ఇంత శాతం రికవరీ' అని గర్వంగా రాసుకుంటున్నాం. దాతల ఫారాల్లో ఆ గడులున్నాయి గనక నింపుతున్నాం. ఆ గడులే సిద్ధాంతం మన చేతుల్లోకి వచ్చే దారి. వాటి పక్కన మరికొన్ని గడులు మనమే గీద్దాం: ఈ అప్పు నిజంగా దేనికి ఖర్చయింది? వాయిదా కట్టడానికి ఎవరు పస్తున్నారు, ఎవరి నగ కుదువకు పోయింది? పొలం ఎవరి పేరు మీద ఉంది? వచ్చే నెల సంఘ సమావేశంలో పాస్‌బుక్కులు తెరిచే ముందు ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసి పెట్టండి. జిల్లా బ్యాంకర్ల సమావేశానికి అంకెలతో వెళ్లేది వాళ్లొక్కరే ఎందుకు కావాలి?